చెవి దాకా చెయ్యి

పొద్దుటినుంచి ఇది పదకొండో భుజం. బట్టల ఫ్యాక్టరీ వెనక ఉన్న చికిత్స గదిలో థెరపీ అమ్మాయికి మంచినీళ్లు తాగే తీరిక కూడా లేదు.

బల్లమీద ఉన్నది ఇస్త్రీ మావయ్య. ఇరవై రెండేళ్లు ఆవిరి ఇస్త్రీపెట్టె తోసిన కుడిచెయ్యి పక్షవాతంతో పడిపోయి మూడు నెలలైంది. భుజం కీలు జారి, వేలు పట్టేంత సందు ఏర్పడింది. అరచెయ్యి వాచి నున్నగా మెరుస్తోంది. అమ్మాయి ఒక చెయ్యి అతని భుజం వెనక రెక్క ఎముక కిందికి పోనిచ్చి, రెండో చేత్తో మోచెయ్యి ఆనించుకుని, ఊపిరికొక్క జరుపు చొప్పున కదుపుతోంది.

"బొటనవేలు కదిలిందే!" అంది పక్కనే నిలబడ్డ అతని భార్య. ఆ మాటకి ముగ్గురి మొహాలూ వికసించాయి.

అంతలో మేనేజరు ఫోను పట్టుకుని వచ్చాడు.

"ఇంకా నిమురుతూనే ఉన్నావా? చెయ్యి పైకెత్తమ్మా, ఫొటో తీసుకుని పోతా."

ఆ ఫ్యాక్టరీ లెక్క అది. చెయ్యి చెవికి తాకితే మనిషి బాగైపోయినట్టేనట! ఆ ఫొటోతో చికిత్స ఆగిపోతుంది, చికిత్స రోజుల్లో ఇచ్చే సగం జీతమూ ఆగిపోతుంది. మర్నాడు పనిలోకి రావాలి, లేదా ఇంటికి పోవాలి. ఎవరు ఎత్తారో, ఎలా ఎత్తారో ఫొటోలో కనబడదు కదా!

పోయిన నెల ఇలాగే ఫొటో కోసం బొత్తాల మిషను అక్క చేతిని ఈ అమ్మాయే ఎత్తింది. అక్క కేక పెట్టినా ఆగలేదు. పాపం, ఆవిడిప్పుడు జడ కూడా వేసుకోలేకపోతోంది. అది గుర్తొచ్చి అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

"సందు పూడలేదు సార్. ఇప్పుడు ఎత్తితే లోపల నరాలు తెగుతాయి."

"అమ్మా, ఎత్తెయ్యి. ఓర్చుకుంటాలే," అన్నాడు మావయ్య గోడకేసి చూస్తూ. "పని పోతే ఎలా చెప్పు?"

"ఓర్చుకుంటే తగ్గేది కాదు మావయ్యా. చెయ్యే పోతుంది." అమ్మాయి మేనేజరు వైపు తిరిగింది. "నేను ఎత్తను."

"నువ్వు కాకపోతే బయట పదిమంది ఉన్నారు," అన్నాడు మేనేజరు. ఫోను మావయ్య భార్య చేతిలో పెట్టాడు. "నేను ఎత్తుతా, నువ్వు ఫొటో నొక్కమ్మా." బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆ వాచిన చేతిని మణికట్టు దగ్గర గట్టిగా పట్టుకున్నాడు.

మావయ్య కళ్లు మూసుకున్నాడు. భార్య వేలు ఫోను మీద ఆగిపోయింది.

థెరపీ అమ్మాయి మావయ్య రెక్క ఎముక కింది నుంచి తన చెయ్యి తియ్యలేదు. మోచేతిని మెల్లగా దిండుకి ఆనించి, ఖాళీ అయిన చేత్తో మేనేజరు మణికట్టు పట్టుకుంది.

"ముందు మీరు వదలండి సార్."