కత్తెర పట్టే రెండో మనిషి

ఫ్లూ జ్వరాలు మొదలయ్యాయని తెలియగానే ఆ చిన్న కుట్టు షాపు యజమానురాలు అందరూ చేసేవన్నీ చేసింది. కుళాయి దగ్గర సబ్బు పెట్టింది. బిగుసుకుపోయిన కిటికీలను సుత్తితో కొట్టి తెరిపించింది. మిషన్లు దూరం జరిపించింది. ‘ఒంట్లో బాగోకపోతే రావద్దు’ అని గోడకు కాగితం అంటించింది. చూసినవాళ్ళు మెచ్చుకున్నారు. మెచ్చుకోవడానికేం, ఖర్చా!

ఆ కాగితం కటింగ్ మాస్టారికి మాత్రం వర్తించలేదు. షాపులో గుడ్డ కత్తిరించడం ఆయనొక్కడికే వచ్చు. ఆయన రాకపోతే మిషన్లన్నీ ఖాళీ. ఎవరైనా తొంగిచూస్తే వీపు అడ్డం పెట్టి మరీ సుద్దగీతలు గీసేవాడు. పక్కనే గుండీలు కుట్టే సొంత మేనకోడలికి కూడా నేర్పలేదు.

“నేర్పు మామయ్యా, నీదేం అరిగిపోతుంది?”

“నీకొస్తే నన్నెవరు ఉంచుతారే? పో, గుండీలు చూసుకో.”

ఆయన్ని తిట్టకండి. జుట్టు నెరిసిన పనివాణ్ణి ఎంత తేలిగ్గా గెంటేస్తారో ఆయన కళ్ళారా చూశాడు.

స్కూలు యూనిఫారాలు ఇవ్వాల్సిన గడువు ముంచుకొచ్చినప్పుడే ఆయన శాలువా కప్పుకుని దగ్గుతూ వచ్చాడు.

“గోడమీద కాగితం చూళ్ళేదా మామయ్యా?” అంది మేనకోడలు. ఆమెకు నెలలు నిండుతున్నాయి.

“ఆ కాగితమొచ్చి గుడ్డ కోస్తుందా?”

యజమానురాలు ఆ మాట విననట్టే టీ గ్లాసు అందించింది. “వేడిగా టీ తాగండి మాస్టారూ. ఈ ఒక్కపూట లాగించండి” అంది.

వారం తిరక్కుండానే మేనకోడలు ఊపిరాడక ఆసుపత్రిలో పడింది. మిగతావాళ్ళూ మంచమెక్కారు. షాపుకు తాళం పడింది.

యజమానురాలు మాస్టారి ఇంటికొచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది.

“మీకు బదులు ఇంకో మనిషిని తయారుచేసుకోవాలని నాకు తోచలేదు. పైగా జ్వరంతో ఉన్న మీచేత నేనే పనిచేయించాను.”

“నేర్పితే తీసేస్తారనుకున్నానమ్మా.”

“తీసెయ్యను. ఆ మాట అందరిముందూ చెబుతాను. జబ్బుచేసిన రోజులకు జీతమూ కొయ్యను.”

“ఇదే మాట ముందే అనుంటే...” అన్నాడు మాస్టారు. “దాన్ని బతికి రానివ్వండి. కత్తెర దాని చేతికే ఇస్తాను.”

తల్లీబిడ్డా గట్టెక్కారు. అది వాళ్ళ అదృష్టం, యజమానురాలి ఘనతా కాదు, మాస్టారి ఘనతా కాదు.

షాపులు నడిపే అయ్యలారా, అమ్మలారా! సబ్బు కొనండి, వద్దనను. కానీ జ్వరమొచ్చిన పనివాడు బతుకుతెరువు పోతుందన్న భయం లేకుండా ఇంట్లో పడుకోగలగాలి. ఆ భయం తీర్చనంతకాలం మీరు ఏ జబ్బుకీ సిద్ధంగా లేనట్టే.