పెడల్ మీద కాలు

బట్టల కంపెనీలో చొక్కాల మోపును బల్లమీద పడేసి పెద్దకోడలు నడుం పట్టుకుని నిలబడిందో లేదో, సూపర్‌వైజరు పక్కకు వచ్చాడు.

“మీ తోటికోడలు ఇంట్లో ఎలా నడుస్తోంది?”

“బాగానే నడుస్తోంది సార్.”

అబద్ధమేం కాదు. వారం కిందట ఇస్త్రీ బల్ల దగ్గర చిన్నకోడలు కెవ్వుమని కూలబడింది. నలుగురూ పోగయ్యేసరికి మోకాలు మామూలుగానే ఉంది. చిప్ప పక్కకు జారి మళ్ళీ దానంతటదే సర్దుకుందనీ, దాన్ని లోపలివైపు నుంచి పట్టి ఉంచే లిగమెంటు తెగిందనీ డాక్టరు అన్నాడు. పెద్దకోడలు నమ్మలేదు. ఇంటి చాకిరీ అంతా తన నెత్తిన పడింది మరి. మంచమెక్కిన మనిషి లేచి పెరట్లోకి చక్కగా నడిచి వెళ్తుంటే ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

“రేపు యజమాని ముందు ఆ మాటే చెప్పు. ఇంట్లో మెట్లమీద జారిపడిందని కూడా అను. ఆవిడ బల్ల నీకిప్పిస్తా. ఈ మోపులు మొయ్యక్కర్లేదు.”

ఆమెకు ఆశ పుట్టింది. వెనకే అనుమానమూ పుట్టింది. చిన్నకోడలిది నాటకమే అయితే ఈ మెట్ల కథ ఎందుకు? తమ ఇంటికి మెట్లే లేవాయె. ఇంట్లో పడిందంటే కంపెనీ వైద్యం ఖర్చు తప్పించుకోవచ్చు, మనిషినీ తీసెయ్యొచ్చు.

ఆ సాయంత్రం తానూ ఓ చెయ్యి వేద్దామని చిన్నకోడలు మంచం దిగి వచ్చి, పొయ్యి మీంచి గిన్నె దించి గట్టువైపు తిరిగింది. ఒళ్ళు తిరిగింది గానీ పాదం తిరగలేదు. గిన్నె దొర్లిపోయింది. పెద్దకోడలి కళ్ళెదుటే మోకాలి చిప్ప బయటి పక్కకు జారి గుడ్డులా పొడుచుకొచ్చింది.

“అక్కా, కాలు చాపు... మెల్లగా!”

పెద్దకోడలు మడమ పట్టుకుని ఆమె కాలు చాపింది. చిప్ప టక్కున చోటుకి పోయింది. ఇప్పుడు చూస్తే ఏమీ జరగనట్టే ఉంది.

“బల్ల దగ్గరా ఇలాగేనా?”

“ఇస్త్రీకి ఆవిరి వదిలే పెడల్ మీంచి కాలు తియ్యనివ్వరుగా అక్కా. కాలక్కడే ఉంచి, వెనక్కి తిరిగి చొక్కా కొక్కేనికి తగిలించాలి.”

పెద్దకోడలికి ఏడుపొచ్చింది. వారమంతా ఈ పిల్లను మనసులో తిట్టుకున్నందుకు సిగ్గేసింది.

మర్నాడు యజమాని గదిలో సూపర్‌వైజరే అందుకున్నాడు.

“చెప్పమ్మా, ఆవిడ నడుస్తోందా లేదా?”

“నడుస్తోంది సార్. తిరగలేకపోతోంది. పడింది ఇంట్లో కాదు, బల్ల దగ్గరే.”

యజమాని విసుగ్గా చెయ్యి ఊపాడు. “సర్లే. ఆ బల్ల దగ్గర ఇవాళ్టి నుంచి నువ్వు నిలబడు. వెళ్ళు.”

 ఆమె కదల్లేదు.

“నిలబడను సార్. ముందు సూపర్‌వైజరు గారిని పెడల్ మీద కాలుంచి, పొద్దుణ్ణుంచీ సాయంత్రం దాకా చొక్కాలు తగిలించమనండి.”

యజమాని సూపర్‌వైజరు వైపు చూశాడు. సూపర్‌వైజరు తన మోకాళ్ళ వైపు చూసుకున్నాడు.