చెప్పొచ్చాక కొలుస్తా

మార్చి చివరి వారం వచ్చిందంటే గెర్లిండె కొట్టులో కాలు పెట్టడానికి చోటుండదు. జర్మనీలో మా ఐఫెల్ కొండల్లో సగం బళ్లకి నంబర్ ప్లేటు చివర నాలుగు, పది అని అంకెలుంటాయి. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకానే రోడ్డెక్కాలని అర్థం. చలికాలమంతా గ్యారేజీలో దుప్పటి కప్పుకుని పడుకున్న మోటారుసైకిళ్ళు లేచే ముందు వాటి యజమానులకి హఠాత్తుగా తమకి తలలున్నాయని గుర్తొస్తుంది. హెల్మెట్ కావాలి. అదీ ఇవాళే కావాలి.

గెర్లిండె ఎవరి తొందరనీ లెక్కచెయ్యదు. మెడలో టేపు, ముక్కు చివర కళ్ళజోడు. మనిషి పొట్టి కాబట్టి నిలబడ్డవాళ్ళని స్టూలెక్కి కొలుస్తుంది. కనుబొమ్మలకి ఒక వేలు పైన, చెవుల మీదుగా, వెనక తల బాగా ఉబ్బిన చోట టేపు చుట్టి, మూడుసార్లు చూసుకుని, కార్డు మీద రాసి పెట్టెలో పెడుతుంది. తల గుండ్రమా, కోలా అని పైనుంచి చూస్తుంది. హెల్మెట్ పెట్టాక బుగ్గలు రెండూ పైకి తన్నుకొచ్చి మాట ముద్దగా రావాలి. వెనక అంచు పట్టుకుని ఎత్తి ముందుకి తోస్తే ఊడిరాకూడదు. పావుగంట అలాగే కూర్చోబెట్టి, తీశాక నుదుటి మీద ఎర్ర మచ్చ పడిందేమో చూస్తుంది. "బిగుతుగా ఉందండీ" అని ఎవరైనా మూలిగితే, "నెల తిరిగేసరికి లోపలి స్పాంజి అణుగుతుంది. ఇవాళ హాయిగా ఉన్నది మే నెలలో గిన్నెలా ఊగుతుంది" అంటుంది.

వీటన్నిటికన్నా ముందు ఆమె అడిగే ప్రశ్న ఒకటుంది. "ఎవరికైనా చెప్పాల్సిందేమైనా ఉందా?"

మా వైపు తలలు అంతే. చెప్పాల్సిన మాట చెప్పకుండా లోపల దాచుకుంటే తల ఒక సెంటీమీటరో రెండో పెరుగుతుంది. చెప్పేస్తే తెల్లారేసరికి తన కొలతకి తాను వచ్చేస్తుంది. వానలకి తలుపు ఉబ్బితే ఎంత పట్టించుకుంటామో దీన్నీ అంతే పట్టించుకుంటాం. టోపీలతో ఫరవాలేదు, హెల్మెట్‌తోనే చిక్కు. ఉబ్బిన తలకి కొన్నది, మాట బయటపడ్డ మర్నాడు వదులైపోతుంది. అందుకే ఆ కొట్టులో కిటికీ పక్కన ఒక కుర్చీ, దాని పక్కన ఒక పాత ఫోను ఉంటాయి.

బ్రెడ్డు కొట్టు ఎర్విన్‌కి ఒకసారి అరవై ఒకటి వచ్చింది.

"నీది యాభై తొమ్మిది కదయ్యా?" అంది గెర్లిండె.

"క్రిస్మస్ కేకులు ఎక్కువ తిన్నాను. ఒళ్ళొచ్చింది."

"కేకు తలకెక్కదు. అదేదో చెప్పాల్సినవాళ్ళకి చెప్పొచ్చెయ్. చెప్పొచ్చాక కొలుస్తా."

ఎర్విన్ గొణుక్కుంటూ ఫోనెత్తాడు. బావమరిది గోడని వ్యానుతో గుద్దింది తనేనని ఒప్పుకుని, అందరూ వింటుండగా నాలుగు తిట్లు తిని, మర్నాడొచ్చి యాభై తొమ్మిది హెల్మెట్ కొనుక్కుపోయాడు.

ఫాదర్ యోడోకుస్ సంగతి వేరు. ఊరందరి పాపాలూ విన్న తల, అరవై మూడు. చచ్చినా వాటిని ఎవరికీ చెప్పడు. "తగ్గని తలకి భయం లేదు ఫాదర్" అంటూ ఆయనకి మాత్రం గెర్లిండె ఏమీ అడక్కుండానే ఇచ్చేస్తుంది. ఏప్రిల్ మొదటి ఆదివారం చర్చి ముందు బళ్లన్నీ దీవెనకి నిలబడ్డప్పుడు అంత పెద్ద హెల్మెట్ ఆయనదొక్కటే.

ఇంత పట్టుదల గల మనిషి ఒక్కసారి అడగలేదు. ఆ ఒక్కసారీ మొగుడిని.

పద్దెనిమిదేళ్ల కిందటి మాట. రైమండ్, గెర్లిండె ఒకరినొకరు మొదట చూసుకున్నది అలాంటి దీవెన రోజునే. పెళ్ళికి కూడా చెరో బండి మీద వచ్చారు. వాళ్ళింట్లో ఆదివారం అంటే బండి, సెలవు అంటే బండి. ఆ చలికాలం మాత్రం రైమండ్ మాట తగ్గిపోయింది. ఏదడిగినా ఊ అంటాడు. గురువారాలు మధ్యాహ్నం పూట ఆక్‌న్ పట్నంలో పనుందని వెళ్ళి చీకటి పడ్డాక వస్తాడు. ఏం పని అంటే మాట తప్పిస్తాడు. ఏ పెళ్ళాం అయినా ఏమనుకుంటుందో గెర్లిండె కూడా అదే అనుకుంది.

మార్చి చివరి శనివారం, కొట్టు కిటకిటలాడుతోంది. రైమండ్ పాత హెల్మెట్‌కి ఏడేళ్ళు నిండాయి, మార్చాలి. టేపు చుట్టింది. అరవై. పెళ్ళినాటి నుంచీ అతని తల యాభై ఎనిమిది. టేపు మీద ఆమె వేలు ఆగిపోయింది. ఆగినట్టు అతనికీ తెలిసింది.

"గెర్లిండె," అన్నాడు మెల్లగా, "నేనొకటి..."

వందల మందిని అడిగిన ప్రశ్న ఆమె గొంతు దాటలేదు. అడిగితే చెప్పేస్తాడు. చెప్పేస్తే ఆక్‌న్‌లో ఉన్న ఆ మనిషికి ఒక పేరుంటుంది. ఆ పేరు కూడా తమ ఇంట్లో కాపురముంటుంది.

"అరవై," అంది వెనకవాళ్ళకి కూడా వినపడేంత గట్టిగా. "ఉండు, పెద్దది తెస్తా."

హెల్మెట్ అతనికి చక్కగా కుదిరింది. బుగ్గలు ఎంత పొంగాలో అంతే పొంగాయి.

పది రోజులకి, మంగళవారం సాయంత్రం, రంపపు మిల్లు దాటాక వచ్చే ఎడమ మలుపులో బండి జారింది. రైమండ్ రోడ్డు మీద పడ్డాడు. హెల్మెట్ ఎనిమిది గజాల అవతల గడ్డిలో పడుంది, స్ట్రాపు పెట్టింది పెట్టినట్టే. దాని మీద ఒక్క గీత లేదు. పోలీసులు తెచ్చిస్తే గెర్లిండె దాన్ని కొట్టులో పై అరలో, అమ్మకానికి కాని చోట పెట్టింది.

హెల్మెట్ వదులైందంటే రైమండ్ మాట ఎవరితోనో చెప్పాడన్నమాట. ఎవరితో? ఊరంతా చెవులు కొరుక్కుంది. తనకి చెప్పనిది ఆ ఆక్‌న్ మనిషితో చెప్పుకున్నాడని గెర్లిండె కుమిలిపోయింది. కొలత తెలిసీ పెద్దదిచ్చానని మాత్రం ఎవరి దగ్గరా నోరు మెదపలేదు. తన బండి అమ్మేసింది. టోపీలు పెట్టుకోవడం మానేసింది. ఊరందరి తలలూ కొలిచే మనిషి తల కొలవాలని ఎవరికీ తోచలేదు.

ఈ ఏడు మార్చి చివరి గురువారం స్వెన్యా వచ్చింది. గెర్లిండె ఒక్కగానొక్క కూతురు. తండ్రి పోయేనాటికి తొమ్మిదేళ్ళది. ఇప్పుడు కొలోన్‌లో కట్టుడు పళ్ళ సెట్లు చేసే పనిలో ఉంది. తల్లీకూతుళ్ళకి మాటలు పండగలకీ పుట్టినరోజులకీ మాత్రమే.

"లైసెన్సొచ్చిందమ్మా," అంది గుమ్మంలో నిలబడే. "బండి కూడా కొన్నా. అరవకు."

"నేనేమైనా అరిచానా?"

"నీ మొహం అరుస్తోంది."

గెర్లిండె కళ్ళజోడు సర్దుకుంది. "హెల్మెట్లు కొలోన్‌లో దొరకవా?"

"దొరుకుతాయి. యాభై ఎనిమిదన్నారు. అయినా నువ్వొకసారి కొలిస్తే బాగుంటుందనిపించింది."

కూర్చోబెట్టి, జుట్టు పక్కకి తీసి, టేపు చుట్టింది. ఆ తల ముట్టుకుని ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. టేపు కూడా యాభై ఎనిమిదే అంది. కానీ ఆ చిన్న గడ్డం, సన్నటి దవడలు గెర్లిండె తల్లి పోలిక. ఆ పోలికలో ఎవరి తలా యాభై ఆరు దాటలేదు. రెండు సెంటీమీటర్లు ఎక్కువ. పిల్లల తలలు ఎలాగూ పెరుగుతాయి కాబట్టి, ఆ రెండూ ఎప్పుడొచ్చి చేరాయో ఎవరూ చూడలేదు.

టేపు మీద వేలు ఆగింది.

"యాభై ఎనిమిదే," అంది గెర్లిండె. వెళ్ళి యాభై ఎనిమిది తెచ్చి కూతురి తలకి పెట్టింది.

"బాగా కుదిరిందమ్మా," అంది స్వెన్యా లోపల్నించి.

"పావుగంట కూర్చో."

కాఫీ పోసుకుంది, తాగలేదు. అడిగితే ఏం చెబుతుందో. ఆ ఆక్‌న్ మనిషి పేరు ఈ పిల్లకి కూడా తెలుసేమో. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. ఆమె నిలబడ్డ చోటికి కూతురి తల మీది హెల్మెట్, పై అరలో గీత పడని హెల్మెట్ రెండూ కనిపిస్తున్నాయి. గెర్లిండె కప్పు బల్ల మీద పెట్టేసింది.

"తియ్యి," అంది.

"పావుగంట కాలేదుగా."

"తియ్యవే! అది నీ సైజు కాదు."

స్వెన్యా తీసి ఒళ్ళో పెట్టుకుంది. గెర్లిండె అడగాల్సిన ప్రశ్న అడగలేదు. ముందు తన మాట చెప్పింది.

"మీ నాన్న తల యాభై ఎనిమిదని నాకు తెలుసు. ఆ రోజు అరవై వచ్చింది. ఏదో చెప్పబోయాడు. నేనే చెప్పనివ్వలేదు. భయమేసింది. తెలిసి తెలిసి పెద్దదిచ్చాను."

స్వెన్యా హెల్మెట్ లోపలి గుడ్డని వేలితో నొక్కి చూసింది. "దేనికి భయం?"

"ఆక్‌న్‌లో ఎవరో ఉన్నారని."

"కళ్ళాసుపత్రి ఉందమ్మా," అంది స్వెన్యా. "ఆక్‌న్‌లో కళ్ళాసుపత్రి ఉంది."

గెర్లిండె పక్కనున్న స్టూలు మీద కూలబడింది.

"ఎడమ కన్ను పోతోందన్నారట. ఇక బండి ముట్టుకోవద్దన్నారట. దీవెనైన మర్నాడు కుందేళ్ళ గూడు కడుగుతూ నాతో చెప్పాడు. అమ్మతో చెప్పాలంటే నోరు రావట్లేదే, ముందు నీ దగ్గర అలవాటు చేసుకుంటున్నా అని నవ్వాడు. శనివారం నేనే చెబుతా, అప్పటిదాకా నువ్వు చెప్పకు అన్నాడు." స్వెన్యా హెల్మెట్ స్ట్రాపు వేలికి చుట్టుకుంది. "మర్నాడు హెల్మెట్ పెట్టుకుని తల ఊపి చూపించాడు, ఎలా తిరుగుతోందో చూడు అని. శనివారం అమ్మకి చెప్పేశాక ఇక దీంతో పనుండదులే అన్నాడు. నేను నవ్వానమ్మా. పకపకా నవ్వాను."

"నాతో ఎందుకు చెప్పలేదే?"

"చెప్పొద్దన్నాడుగా! పైగా నాతో చెప్పాడు కాబట్టే తల తగ్గింది. నేను వినకపోతే తగ్గేది కాదు. తొమ్మిదేళ్ళ పిల్లకి ఆ లెక్క ఇంకెలా వస్తుంది? ఇన్నాళ్ళూ నేనే చంపాననుకున్నాను. నువ్వేమో ఈ మాట నీ దగ్గర పెట్టుకుని ఊరందరినీ అడిగావు, చెప్పాల్సిందేమైనా ఉందా అని. ఎర్విన్‌ని అడిగావు. పోస్టాఫీసు వాళ్ళని అడిగావు. నన్నొక్కదాన్నే అడగలేదు."

ఆ శనివారం ఒక్క ప్రశ్న అడిగుంటే రైమండ్‌కి హెల్మెట్ కొనాల్సిన పనే ఉండేది కాదు. ఒంటి కన్నుతో పెరట్లో కుందేళ్ళని చూసుకుంటూ ముసలివాడయ్యేవాడు. తప్పయిపోయిందే తల్లీ, నన్ను క్షమించు అంది గెర్లిండె. స్వెన్యా కోటు తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే, కొట్టు తెరవకముందే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. రాత్రి స్నేహితురాలి ఇంట్లో పడుకున్నట్టుంది. నేరుగా వెళ్ళి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. "కొలువు," అంది.

యాభై ఆరు.

గెర్లిండె కళ్ళు తుడుచుకుని పనిలో పడింది. మొదటిది నుదుటి మీద ఎర్రగా అచ్చు దించింది. గుండ్రటి తలలకి చేసినది, పనికిరాదు. రెండోది వెనకనుంచి తోస్తే కదిలింది. మూడోది బుగ్గల్ని పైకి నెట్టి కళ్ళ కిందకి తెచ్చింది. ఎంత తోసినా జరగలేదు.

"పసుపా?" అంది స్వెన్యా ముద్దముద్దగా. "కోడిపిల్లలా ఉంటాను."

"కోడిపిల్లలాగే ఉండు. దూరాన్నించి కనపడతావు."

పావుగంట అయింది. మచ్చ లేదు. స్వెన్యా హెల్మెట్ చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "క్షమించానని అనుకోకు."

"అనుకోను," అంది గెర్లిండె.

ఏప్రిల్, మే, అలా వేసవంతా గడిచింది. ఫోను రెండుసార్లు మోగింది, రెండుసార్లూ పొడి పొడి మాటలే. సెప్టెంబరులో ఒక శనివారం స్వెన్యా బస్సు దిగి కొట్టులోకొచ్చింది. ఎడమ చెయ్యి కట్టుతో మెడకి వేలాడుతోంది. కుడి చేత్తో పసుపు హెల్మెట్‌ని బల్ల మీద పెట్టింది. గడ్డం దగ్గర్నుంచి చెవి దాకా, లోపలి తెలుపు కనిపించేంత లోతుగా గీసుకుపోయింది.

"చెరువు దారిలో తడి ఆకులు," అంది. "నాకేం కాలేదు. మణికట్టు విరిగింది, అంతే. ఒకసారి దెబ్బ తిన్నది మళ్ళీ పెట్టుకోకూడదంటావుగా. కొత్తది కావాలి."

గెర్లిండె ఆ గీత మీద వేలితో చివరిదాకా రాసింది. యాభై ఎనిమిది అయ్యుంటే ఈ గీత దేని మీద పడేదో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. స్టూలెక్కి పై అరలో రైమండ్ హెల్మెట్ పక్కన దాన్ని పెట్టింది. చిన్న గీత కూడా లేని ఆ నల్ల హెల్మెట్‌ని చూసి భోరుమని ఏడ్చింది. అన్నేళ్ళలో ఎవరి ముందూ అలా ఏడవలేదు.

స్వెన్యా ఆపలేదు. ఏడుపు తగ్గాక తల్లి మెడలోంచి టేపు లాగింది. "ఇప్పుడు నువ్వు కూర్చో."

"నాకెందుకే?"

"కూర్చోమన్నానా? ఈ కొస పట్టుకో, నాకు చెయ్యి ఒకటే ఉంది."

టేపు చుట్టింది. యాభై ఎనిమిది. కార్డుల పెట్టెలో వెతికి, అంచులు పసుపెక్కిన కార్డు తీసింది. గెర్లిండె, యాభై ఏడు.

"ఇంకా ఏం దాచావు?"

"నీ దగ్గర ఏం లేదు. మీ నాన్నకి చెప్పాల్సింది ఉండిపోయింది. ఆయన్ని అనుమానించానని, చెప్పబోతే నోరు నొక్కేశానని. ఎక్కడికెళ్ళి చెప్పను? అదిక తగ్గదే."

స్వెన్యా టేపు తన మెడలో వేసుకుంది. అరల వెంట నడుచుకుంటూ వెళ్ళి, సైజు చదివి, బూడిద రంగుది ఒకటి తెచ్చింది. ఒంటి చేత్తోనే తల్లి తలకి ఎక్కించింది. వెనక అంచు పట్టుకుని తోసి చూసింది. జరగలేదు.

"నాకెందుకే ఇది, ఈ వయసులో?" అంది గెర్లిండె లోపల్నించి.

"ఫాదర్‌కి నువ్వేం చెబుతావు? తగ్గని తలకి భయం లేదనేగా? నా మణికట్టు అతుక్కునేదాకా బండి ఊరికే పడుంటుంది. అక్టోబరు ఆఖరు దాకా టైముంది."

"బిగుతుగా ఉంది."

"నెల తిరిగేసరికి అణుగుతుంది," అంది స్వెన్యా, ఎదురుగా కుర్చీ లాక్కుని. "పావుగంట కూర్చో."

గెర్లిండె కూర్చుంది.