మేత ముట్టని బిడ్డ

కామసముద్రం పక్క పల్లెలో అక్కయమ్మ పట్టుపురుగులు మేపుతుంది. పొర విడిచే ముందు పురుగులు మేత మాని, తలెత్తి, కదలకుండా ఉండిపోతాయి. అప్పుడు తట్టను కదపకూడదు. ఒక రోజు ఓర్చుకుంటే అవే లేచి ఆకు తింటాయి. ఆమెకు బాగా తెలిసిన చదువు ఇదొక్కటే.

కూతురు రక్షిత రాబర్ట్‌సన్‌పేటలో బీకాం చదివేది. ఉగాది తర్వాత బస్సెక్కడం మానేసింది. తల దువ్వుకోదు, తినదు. పొద్దంతా గోడవైపు తిరిగి పడుకుంటుంది.

"బిడ్డ ముద్ద ముట్టలేదే," అన్నాడు భర్త మునివెంకటప్ప.

"కదపొద్దు. దానంతట అదే లేస్తాది," అంది అక్కయమ్మ. లోపల మాత్రం నూరు అనుమానాలు. ఎవరైనా మోసం చేశారా, పరీక్ష పోయిందా, గాలి సోకిందా? అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని అడగలేదు.

ఎదురింటి వెంకటరామప్ప గడపలో నిలబడి, "ఏమమ్మా, నువ్వు కూడా గూడు కట్టేస్తావా ఇంగ?" అని ఎగతాళి చేశాడు. రక్షిత దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

నెల గడిచింది. ఒక ఉదయం చూస్తే ఒక తట్టలో పురుగులు రెండో రోజు కూడా లేవలేదు. అక్కయమ్మ కంగారుగా నాలుగు పురుగులు డబ్బాలో వేసుకుంది.

"బండి తియ్యప్పా, పట్టు ఆఫీసులో చూపిస్తాము. ఏం రోగమో ఏమో," అంది భర్తతో.

గోడవైపు నుంచి సన్నగా మాట వచ్చింది. "పురుగు రెండు దినాలు తినకుంటే ఆఫీసుకి పోతా ఉండావు కదమ్మా. నాకి నెలైంది."

అక్కయమ్మ బిడ్డవైపు తిరిగింది.

"లేవాలనే ఉండాది. లేవలేకపోతా ఉండాను. ఇంగ బతకాలని కూడా లేదమ్మా."

డబ్బా అక్కడే వదిలేసి అక్కయమ్మ బిడ్డ పక్కన కూలబడింది. ఆ పూటే ముగ్గురూ ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లారు.

"ఇది సోమరితనం కాదమ్మా, కుంగుబాటు అనే జబ్బు," అంది డాక్టరమ్మ. "కారణం ఒకటే అని చెప్పలేము. మెదడులో మార్పులు, థైరాయిడ్ లాంటి రోగాలు, మనసుకు తగిలిన దెబ్బలు, ఒంటరితనం, వీటిలో ఏదైనా కావచ్చు, కొన్ని కలిసి కూడా రావచ్చు. రక్తసంబంధం ఉన్నవాళ్లలో ఎవరికైనా ఉండిందా?"

అక్కయమ్మకు తన అక్క చిన్నవెంకటమ్మ గుర్తొచ్చింది. పుట్టింటి వెనక వసారాలో పదకొండేళ్లు అలాగే పడుకుంది. మంకుది అన్నారు. అక్కయమ్మ కూడా అంది. ఏ డాక్టరుకూ చూపించకుండానే మట్టి చేశారు.

"మా అక్కకి ఉండిందమ్మా," అంటూ ఇన్నేళ్లకు ఆ అక్క కోసం ఏడ్చింది.

రక్షిత ఇంకా పూర్తిగా కోలుకోలేదు. మాత్రలు వేసుకుంటుంది, డాక్టరమ్మతో మాట్లాడుతుంది. కొన్ని రోజులు సగం ముద్ద తింటుంది, కొన్ని రోజులు అదీ లేదు. పురుగులకు ఆకు వేసిన చేత్తోనే తల్లి ఆమె తల నిమిరి, "ఈ పొద్దు ఎట్లుండాదమ్మా?" అని అడుగుతుంది.

తల్లులారా, కదలకుండా పడుకున్న బిడ్డను దానంతట అదే లేస్తుందని వదిలేయకండి. భయమైనా సరే, పక్కన కూర్చుని అడగండి, డాక్టరుకు చూపించండి. చిన్నవెంకటమ్మను పదకొండేళ్లలో 'ఎట్లుండాదమ్మా' అన్న ఒక్క మాట ఎవరూ అడగలేదు.