వీధి వైపు కొలువు

గిరిజ ఎదురింట్లోకి కొత్తగా వచ్చినామె పేరు డెనీస్. ఆసుపత్రిలో నర్సు. కోవిడ్ వార్డులో పని అని తెలిశాక, అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని ఆ చిన్న వీధిలో ఎవరూ ఆమె గుమ్మం వైపు వెళ్ళలేదు. క్రిస్మస్ వారం రోజుల్లోకి వచ్చింది.

తొమ్మిదేళ్ళ కిందట గిరిజ ఈ వీధిలో దిగినప్పుడు కూడా ఎవరూ పలకరించలేదు. 'నేను పిలిస్తే మాత్రం ఎవరొస్తారు?' అన్న అనుమానం అప్పుడే ఆమెలో చేరి, మెల్లగా నమ్మకమై కూర్చుంది. పిలవకపోతే ఓడిపోయే పని లేదు. ఆ సుఖానికి అలవాటు పడిపోయింది.

ఈసారి పిలిచింది. సంక్రాంతి దాకా ఆగకుండా ముందుగదిలో, వీధి కిటికీ దగ్గర బొమ్మల కొలువు పెట్టింది. 'కొత్త పొరుగామెకు స్వాగతం. శనివారం నాలుగింటికి మా కిటికీ ముందుకు రండి, దూరదూరంగా నిలబడి చూద్దాం' అని చీటీలు రాసి, డెనీస్‌తో సహా అందరి గుమ్మాల్లోనూ పెట్టి, బెల్ కొట్టకుండా వచ్చేసింది. తను మాత్రం కిటికీ అద్దం వెనకే ఉండి చెయ్యి ఊపాలనుకుంది.

శనివారం మూడున్నరకు, పద్నాలుగేళ్ళ కూతురు అనిక వాకిట్లో మంచు ఎత్తిపోసి లోపలికి పరుగెత్తుకొచ్చింది.

"మమ్మీ! బయట్నుంచి అన్నీ వీపులే!"

"ఏం వీపులే?"

"డాల్స్ అన్నీ మన సైడే చూస్తున్నయ్. వాళ్ళొచ్చి ఏం చూస్తరు, రాజుగారి బ్యాక్‌సైడా?"

గిరిజ నిర్ఘాంతపోయింది. కొలువంటే గదిలోకి చూసేదే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూసినట్టే చేతులు పెట్టేశాయి.

"వద్దులే. క్యాన్సిల్ అని తలుపుకి కాగితం అంటిద్దాం," అంది. తన గొంతులో బాధ కన్నా హాయి ఎక్కువగా వినబడి, సిగ్గేసింది.

"నో వే! నువ్వు బొమ్మలు దించు. నేను మెట్లు తిప్పుత."

తిప్పి అద్దానికి దగ్గరగా జరిపేసరికి అయిదు మెట్లూ కిటికీని నిండా కప్పేశాయి. ఇక అద్దం వెనక ఆమెకు చోటు లేదు. గిరిజ కోటు తొడుక్కుని, మాస్కు పెట్టుకుని బయటికి నడిచింది.

నాలుగు దాటింది. వీధిలో మనిషి లేడు. కాళ్ళు లోపలికి లాగుతున్నా నిలబడింది.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. డెనీస్ తన వాకిట్లోనే ఆగిపోయి, "నేనెక్కడ పనిచేస్తానో మీకు తెలుసు కదా? రానా?" అని ఇంగ్లీషులో కేకేసింది.

"తెలిసే పిలిచాను! రండి!"

ఆ కేక తనదేనా అని గిరిజకే ఆశ్చర్యమేసింది. వీధంతా వినబడినట్టుంది. ఒక తలుపు, ఆ వెనకే ఇంకొకటి తెరుచుకున్నాయి. మూలింట్లో కూతురి దగ్గరికొచ్చి, విమానాల్లేక ఉండిపోయిన రాజారావుగారు మంకీ క్యాప్‌తో దిగారు.

"ఏమ్మా, ఇన్నేళ్ళూ ఈ కొలువు మీకు మీరే చూసుకున్నారా?"

"తప్పేనండీ బాబాయిగారూ! కొంచెం జరగండి, డెనీస్‌కి అడ్డమొస్తున్నారు!"

అందరూ నవ్వారు. ఆయన జరిగి, డెనీస్‌కు వంగి నమస్కారం పెట్టారు. మంచులో విడివిడిగా నిలబడ్డ వాళ్ళంతా ఆమె వైపు చేతులూపారు. గిరిజ మధ్యలో నిలబడి, చివరివాళ్ళకు కూడా వినబడేలా, రెండో మెట్టు మీది పెళ్ళివారి బొమ్మల కథ మొదలెట్టింది. గొంతు బొంగురుపోయింది. అయినా ఆపలేదు.