వీడీవో స్కీము మిషన్లు

పాలకుర్తి అంగడిలో జీపుకు కట్టిన మైకు "వీడియో గేమ్ మిషన్లు" అన్నది. కుండల వరుస దగ్గర నిలబడ్డ అరుంధతికి "వీడీవో స్కీమ్ మిషన్లు" అని వినపడింది.

తప్పు ఆమె చెవిది కాదు. మైకు గొట్టం పగిలి ఉంది. అందులోంచి ఏ మాట వచ్చినా సగం అరిగే వచ్చేది. పైగా ఆ ఏడు, అంటే పందొమ్మిది వందల ఎనభై ఏడులో, పాలకుర్తిలో వీడియో కంటే వీడీవోకే పలుకుబడి ఎక్కువ. వీడీవో అంటే గ్రామాభివృద్ధి అధికారి. విత్తనాలకూ మందుకొట్టే పంపులకూ గోబర్ గ్యాసుకూ దరఖాస్తులు తీసుకునే మనిషి. ఇక మిషన్ సంగతి. పిండి మిషన్‌ను గిర్ని అంటారు, బోరు మిషన్‌ను బోరు అంటారు. ముందు ఏ మాటా తగిలించకుండా ఉత్త మిషన్ అంటే అది బట్టలు కుట్టేదే. ఇటు వీడీవో, అటు మిషన్, మధ్యలో స్కీమ్ తప్ప మరొకటి పడుతుందా? గేమ్ అనుకోవడానికి గేటు కూడా తెరిచి లేదు.

జనగామలో వెంకటనర్సయ్య రేడియో షాపులో పేరు రాయించుకోవాలనీ, అడ్వాన్సు రెండు వందలనీ, ముందు కట్టినవాళ్లకే ముందనీ మైకు చెప్పుకుంటూ పోయింది. ఈ మాటలు మాత్రం పగులు తగలకుండా వచ్చాయి. డబ్బు మాటలకు ఎప్పుడూ గొంతు బాగుంటుంది.

అరుంధతికి మిషన్ అవసరం మామూలు అవసరం కాదు. ఊళ్లోని హాస్టల్ వార్డెన్ తన హాస్టల్ పిల్లలకు అరవై జతల యూనిఫారాలు కుట్టించాలి. బడులు తెరిచేనాటికి సొంత మిషన్ ఉంటే ఆ పని ఆమెకే ఇస్తానన్నాడు, లేకపోతే హన్మకొండ దర్జీకి పంపుతానన్నాడు. ఆమె ఏడాదిపాటు ఒక దర్జీ ఇంట్లో పని నేర్చుకుంది. కుట్టు వచ్చు, కుట్టేది లేదు.

ఒక మిషన్ అందుబాటులోనే ఉంది. జఫర్‌గఢ్‌లో తుల్సీరాం అనే ముసలి దర్జీ కళ్లు మసకబారి పని మానేశాడు. నాలుగు వందలిస్తే తన మిషన్ ఇస్తానన్నాడు. వచ్చే సోమవారం దాకా ఆగుతాననీ, తర్వాత ఎవరొస్తే వాళ్లకేననీ చెప్పాడు. ఇంట్లో నాలుగు వందలు ఉన్నాయి, నాలుగు వందలే ఉన్నాయి. అరుంధతి భర్త హన్మంత్ పత్తి పండించేవాడు. ఆ మిషన్ తెచ్చుకుందామని అతని మాట.

"తుల్సీరాంది కండ్ల ముంగట ఉన్నది. తొక్కితే తిరుగుతది. గీ స్కీమ్ మిషన్ ఎవడు చూసిండు?"

"సర్కారుది ముందుగాల ఎవరన్న చూపిస్తరా? ముందు కట్టాలె, ఎనుక చూడాలె."

"నువ్వు బుక్ చేస్తవ్, వాడు బుక్కుతడు."

అటుకులు నోట్లో పోసుకున్నట్టు పోసుకోవడాన్ని అక్కడ బుక్కడం అంటారు. హన్మంత్ ఆ మాట అని తనే నవ్వుకున్నాడు. అరుంధతి నవ్వలేదు.

"పోయినేడు పత్తి ఇత్తులకు మీరు ముందుగాల కట్టలేదా? మొలిచినయా అని నేనడిగిన్నా?"

అవి మొలవలేదు. కాబట్టి ఆ చర్చ కూడా అక్కడితో పెరగలేదు.

నిజానికి ఇద్దరి మాటలోనూ పస ఉంది. పాతది చేతిలో ఉంటుంది కానీ పాతది. కొత్తది కొత్తదే కానీ చేతిలో ఉండదు. ముందస్తు అనే మాటలోనే ఉంది కిటుకంతా. ముందు అస్తి, వెనక నాస్తి అయ్యే ప్రమాదం ఉంది. అయినా సర్కారు స్కీమంటే సగం ధరకే వస్తుందని అరుంధతి లెక్క. తుల్సీరాంకు వద్దని కబురు పంపింది. అతను సోమవారం ఆగి, మంగళవారం దాన్ని వర్ధన్నపేట మనిషికి అమ్మేశాడు.

అరుంధతి, ఆమె మాట నమ్మిన ఇంకో ముగ్గురు ఆడవాళ్లు పాలకుర్తిలో బస్సెక్కి జనగామలో దిగారు.

వెంకటనర్సయ్య అప్పటికి నెల రోజులుగా పరేషాన్‌లో ఉన్నాడు. తరతరాల కిరాణా వదిలి రేడియోలు, టీవీలు పెట్టిన మనిషి. సికింద్రాబాద్ వ్యాపారి ఒకడు రంగు కాగితం చూపించి, టీవీకి తగిలించి ఆడే ఆట మిషన్లకు జనగామ మొత్తానికీ ఏజెన్సీ ఇస్తానన్నాడు. షరతు ఒక్కటే, ఆరు మిషన్లకు డబ్బు ముందే పంపాలి. కాగితం మీద విమానాలున్నాయి, పేలుతున్న కోటలున్నాయి. మిషన్‌ను వెంకటనర్సయ్య కూడా చూడలేదు. ఆరింటికి ఇద్దరే పేర్లిచ్చారు, ఒకరు డాక్టరు, ఇంకొకరు డాక్టరు తమ్ముడు. ఇప్పుడు ఒక్కసారే నలుగురు, అదీ ఆడవాళ్లు, అదీ ఆట కోసం. ఆడవాళ్లు కదా, ఆడరా అనుకున్నాడు. ఎందుకని మాత్రం అడగలేదు. గిరాకీని ఎందుకొచ్చావని అడిగే అలవాటు వాళ్ల ఇంటావంటా లేదు.

అడిగింది అరుంధతే.

"సేటూ, గిది కాలుతోటా, చేతితోటా?"

"చేతితోనే అక్కా. కాలుకు పనే లేదు."

అరుంధతి ముఖం కొంచెం చిన్నబోయింది. చేతి మిషన్ మీద అరవై జతలంటే భుజం పడిపోతుంది. కరెంటుదా అని అడిగింది. కరెంటు లేకుంటే నడవనే నడవదన్నాడు వెంకటనర్సయ్య. నలుగురూ ఒకరినొకరు చూసుకున్నారు. కరెంటు మిషన్ వాళ్లు చూడటం మాట అటుంచి, వినడం కూడా ఒకటి రెండుసార్లే.

"బొమ్మలు గిట్ల వస్తయా?"

"బొమ్మలకే గదా అక్కా గంత పేరు. నువ్వు చెయ్యి పెడితే చాలు, ఉరుకుతయి."

పూలూ చిలకలూ కుట్టే మిషన్ అన్నమాట. రంగులు వస్తాయా అని నాలుగో ఆమె అడిగింది.

"నీ ఇంట్ల రంగులది ఉంటే రంగులే. నలుపు తెలుపుది ఉంటే నలుపు తెలుపే. మిషన్ ఏం జేస్తది?"

అతను టీవీ గురించి చెప్పాడు. వాళ్లు దారపు రీలు గురించి విన్నారు. ఆధారం లేకపోయినా దారం దొరికింది. ఇంత ఉన్నమాట చెప్పే సేటును తాను చూడలేదని అరుంధతి బస్సులో మిగతావాళ్లతో అంది.

రసీదులో "వీ.గే. మిషన్ 1" అని రాసి ఉంది. కింద అచ్చులో, అడ్వాన్సు వాపసు ఇవ్వబడదు అని కూడా ఉంది. హన్మంత్ దాన్ని వెలుతురుకు పెట్టి చదివాడు. వీ అంటే వీడీవో సరే, గే అంటే ఏందని అడిగాడు. గెజిటెడ్ అని చెప్పింది అరుంధతి. ఆ మాటకు హన్మంత్ రసీదును కొంచెం మర్యాదగా మడిచి ఇచ్చాడు.

మే నెల గడిచింది. మిషన్ రాలేదు. వార్డెన్ బట్ట తాను తెప్పించి, ఇక వారమే ఆగుతానన్నాడు. వారంలో మిషన్ కనపడకపోతే ఆ బట్ట హన్మకొండకు పోతుంది. నలుగురూ కలిసి వీడీవో దగ్గరికి వెళ్లారు.

వీడీవో పేరు గోవర్ధన్. టేకుమట్ల నుంచి బదిలీ మీద వచ్చి మూడు నెలలే అయింది. ఊరికి అతను ఇంకా వీడీవో కాలేదు, వీడెవరో దగ్గరే ఉన్నాడు. మా మిషన్లు ఎప్పుడిస్తరు సారూ అని వాళ్లు అడిగితే అతనికి ఏమీ తెలియలేదు. అయితే స్కీములు తనకంటే ముందు జనానికి తెలియడం అతనికి కొత్త కాదు. పోయిన ఊళ్లో కోళ్ల స్కీము సంగతి కోళ్లు వచ్చాకే తెలిసింది. అలాంటి స్కీము లేదని చెబితే, ఉండి చస్తే తన కొలువుకే కత్తెర పడుతుంది. అందుకని ఫైలు పైన ఉన్నదని చెప్పాడు. పైన అంటే ఎంత పైనో ఎవరూ అడగలేదు.

రెండు రోజుల్లో ఆ మాటే అతన్ని చుట్టుకుంది. నలుగురి దగ్గర రెండేసి వందలు పట్టి వీడీవో బుక్కిండని హోటల్ దగ్గర అనుకోవడం మొదలైంది. అడ్వాన్సు అధ్వాన్నమైందని చూసి గోవర్ధన్ రసీదు తెప్పించుకున్నాడు. రసీదు మీద జనగామ షాపు పేరు చూశాడు. తన పేరు మీద స్కీము నడుపుతున్నవాడెవడో తేల్చుకుందామని, మర్నాడు పొద్దున బస్సుకే ఆ నలుగురినీ వెంటపెట్టుకుని జనగామ బయల్దేరాడు.

వాళ్లు వెళ్లేసరికి షాపు ముందు జనం ఉన్నారు. స్టేషన్ నుంచి పార్సిల్ అప్పుడే వచ్చింది. వెంకటనర్సయ్య నలుగురినీ చూసి సంబరంగా లోపలికి పిలిచాడు. మంచి టైముకు వచ్చిన్రు, మిషన్లు అందినయి అన్నాడు. నిలదీయడానికి తెచ్చిన రసీదును గోవర్ధన్ మడిచి జేబులో పెట్టుకున్నాడు. లేదనుకున్న స్కీము పెట్టె కట్టుకుని వస్తే ఎవరికైనా అంతే.

షాపులోని టీవీలు విప్పితే అమ్ముడుపోవని, ఆట చూపించడానికి అందరినీ వెనక ఇంట్లోకి తీసుకెళ్లాడు. అక్కడ ఒక బల్ల మీద పూల గుడ్డ పరిచి, దాని మీద సొంత టీవీ ఉంది. పార్సిల్ విప్పాడు. అందులోంచి ఇటుకంత నల్ల డబ్బా, రెండు తీగలు, రెండు తిప్పుడు గుండీలు వచ్చాయి. కాగితం మీది విమానాలేవీ రాలేదు. తీగ తగిలించి మీట నొక్కితే తెర మీద అటొక గీత, ఇటొక గీత, మధ్యలో తెల్లచుక్క కనపడ్డాయి. గుండీ తిప్పితే గీత కదిలింది. చుక్క వచ్చి గీతకు తగిలి వెనక్కి పోయింది.

షాపు ముందున్న జనం కూడా వచ్చి కిటికీలోంచి చూస్తున్నారు. వెంకటనర్సయ్య ఆ చుక్క వంక, కాగితం వంక మార్చి మార్చి చూశాడు. ఆరింటి డబ్బు, పాలకుర్తి వాళ్ల ఎనిమిది వందలతో సహా, సికింద్రాబాద్ చేరిపోయింది.

"సేటూ, సూది ఏడున్నది?" అంది అరుంధతి.

"సూదెందుకక్కా? దవాఖాననా గిది?"

అందరూ తెరను చూస్తుంటే అరుంధతి తెర కింద చూసింది. పూల గుడ్డ అంచు కింద ఇనుప పాదం, దాని పక్కన చక్రం కనపడ్డాయి. వంగి గుడ్డ ఎత్తింది. టీవీ కూర్చున్నది బల్ల మీద కాదు. తలను లోపలికి మడిచిన కుట్టు మిషన్ మీద.

"మేము బుక్ చేసింది మీదిది కాదు సేటూ. కిందిది."

వెంకటనర్సయ్యకు అప్పుడు కూడా అర్థం కాలేదు. ముందు అర్థమైంది గోవర్ధన్‌కు. అటు సేటునూ ఇటు ఆడవాళ్లనూ అడిగి, ఒక్కో మాటా విప్పి చెప్పాడు. మైకు వీడియో అన్నది, వీళ్లకు వీడీవో అనిపించింది. గేమ్ అన్నది, స్కీమ్ అనిపించింది. చేతితో అంటే చేతి మిషనే అనుకున్నారు, కరెంటంటే మోటారు అనుకున్నారు, బొమ్మలంటే పూలు, రంగులంటే దారాలు. సేటు ఒక్క అబద్ధమూ చెప్పలేదు, వీళ్లు ఒక్క మాటా తప్పు అడగలేదు. ఇందులో కుట్టూ లేదు, కుట్రా లేదు. ఆఖరికి, ఫైలు పైన ఉందని తాను చెప్పింది కూడా ఉత్తదేనని, గొంతు కొంచెం తగ్గించి, ఒప్పుకున్నాడు. కిటికీ అవతల నవ్వులు మొదలయ్యాయి.

అరుంధతి నవ్వలేదు. తమ పైసలు ఇప్పుడే ఇవ్వమంది. వెంకటనర్సయ్య ఖాళీ చేతులు చూపించాడు. ఈ డబ్బాలు అమ్ముడైతేనే పైసలు, చుక్క కోసం ఎవరు కొంటరో తనకే తెలియదన్నాడు. రసీదు మీది అచ్చు మాట అతను ఎత్తలేదు. ఎత్తే ముఖం లేదు, తన రసీదు మీద కూడా సికింద్రాబాద్ వాడు అదే అచ్చు వేశాడు.

"గట్లయితే పైసలిచ్చేదాంక గా మిషన్ మా దగ్గర ఉంటది," అంది అరుంధతి. "ఎల్లుండి బడి. అరవై జతలున్నయి."

ఆ మాటకు వంటింటి గుమ్మం నుంచి వెంకటనర్సయ్య భార్య సునంద ముందుకొచ్చింది. తన పుట్టింటివాళ్లు పెట్టిన మిషన్ అని, నాలుగేళ్ల కింద దాని మీద టీవీ ఎక్కించారని చెప్పింది.

"కుడుదామంటే టీవీ దించాలె. దించుదామంటే మీకు వార్తలు రావాలె. తీస్కపోనియ్యుండ్రి."

వెంకటనర్సయ్య టీవీని తనే దించి నేల మీద పెట్టాడు. తీగ ఊడలేదు. చుక్క అలాగే అటూ ఇటూ తిరుగుతోంది.

పాలకుర్తి బస్సు పైన కట్టడానికి కండక్టరు ఒప్పుకోలేదు, పాదం వంగుతుందన్నాడు. మిషన్‌ను సీట్ల మధ్య నిలబెట్టి నలుగురూ చుట్టూ నిలబడ్డారు. లగేజీ టికెట్టు దేనికని రాయాలె, వీడీవో సారు వెంట ఉన్నడంటే స్కీమ్ మిషనేనా అని కండక్టరు అడిగాడు. గోవర్ధన్ మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. వెనక సీట్లకు వినపడలేదంటే మిగతా ముగ్గురు అందుకుని గట్టిగా చెప్పారు. మధ్యలో ఎక్కినవాళ్లకు ఇంకోసారి చెప్పాల్సి వచ్చింది. ఈసారి వీడియో అనే మాటను విడదీసి, వీడీవో అనే మాటను వత్తి, ఒక్కరికి కూడా అనుమానం మిగలకుండా చెప్పారు. అరుంధతి మాత్రం ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చేత్తో మిషన్ తల పైకి తీసి, చక్రం తిప్పి చూసుకుంటోంది. తుప్పు పట్టి ఉంది, కానీ తిరిగింది.