పండుగలయ్యాక చూద్దాం

"ఏదో మాడుతోంది, చూడు," అన్నాడు యహ్యా, వెండి రేకు మీద నుంచి తలెత్తకుండా.

బద్రా పొయ్యి వైపు చూసింది. కాఫీ పొంగలేదు. రొట్టె పిండి ఇంకా గిన్నెలోనే ఉంది. చివరికి తన చేతి వైపు చూసుకుంది. వెండి తీగ అతికే దీపం మంటలో ఆమె బొటనవేలు ఉంది. తీసి నీళ్ళలో ముంచింది. నొప్పి లేదు. ఆ వేలు మరెవరిదో అయినట్టు కాసేపు చూస్తూ ఉండిపోయింది.

జెరూసలేం సందులోని ఆ చిన్న దుకాణం యహ్యాది, అతని తమ్ముడు సాదియాది. వాళ్ళ నాన్న యెమెన్‌లోని సనా నుంచి వస్తూ వెంట తెచ్చుకున్నది వెండిపని ఒక్కటే. యెమెన్ యూదుల పెళ్ళికూతురు గోరింటాకు వేడుకనాడు వేసుకునే వెండి నగలు, గడ్డం కింద మొదలై నడుము దాకా వరసలు వరసలుగా దిగే దండలు. అన్నదమ్ములు వెండి కరిగిస్తారు, రేకు కొడతారు, బేరాలాడతారు. వెంట్రుకంత తీగను మెలిపెట్టి, పువ్వుగా చుట్టి అతికేది యహ్యా భార్య బద్రా. పెళ్ళైన కొత్తలో మామగారు ఆమె చేతులు తిప్పి చూసి "ఈ పిల్ల వేళ్ళు పనికొస్తాయి" అన్నాడు. అప్పుడది పొగడ్త అనుకుని మురిసిపోయింది. నగ వెనక కొట్టే ముద్రలో మాత్రం అన్నదమ్ముల పేర్లే. పని ఆపి లేచి వంట చేస్తుంది, వంటయ్యాక వచ్చి మళ్ళీ కూర్చుంటుంది. ఇందులో ఇంటి పని ఎంత, దుకాణం పని ఎంత అని ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు.

బద్రా మణికట్టులో నరం నలిగిపోతోందనీ, చిన్న ఆపరేషన్ చేయాలనీ, ఆలస్యమైతే స్పర్శ ఇక తిరిగి రాదనీ డాక్టరు చెప్పాడు. "పండుగలయ్యాక చూద్దాం," అన్నాడు యహ్యా. పండుగలు వెళ్ళాయి. పెళ్ళిళ్ళు వచ్చిపడ్డాయి.

"స్పర్శ లేకపోతే మంచిదేగా వదినా, కాలినా పని ఆగదు!" అన్నాడు సాదియా. అందరూ నవ్వారు. బద్రా కూడా నవ్వింది.

శుక్రవారం సబ్బాతు భోజనాల దగ్గర, సాదియా కొడుకు అమ్రామ్‌కు వ్యాపారంలో వాటా ఇస్తున్నామని యహ్యా చెప్పాడు.

"మరి నాకు?" అంది బద్రా, పులుసు వడ్డిస్తూ.

యహ్యా నిజంగానే అర్థం కానట్టు చూశాడు. "నీకు వాటా ఏమిటే? నువ్వు ఇంటిమనిషివి!"

కోపం రావాలి. వస్తుందేమోనని గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. రాలేదు. తర్వాతి గిన్నెలో పులుసు పోసింది.

తర్వాతి వారం మజల్ అనే పిల్ల గోరింటాకు వేడుక. పెళ్ళికూతురికి నగలు పెట్టడానికి ఎప్పటిలాగే బద్రానే వెళ్ళింది. మెడ వెనక కొక్కెం తగిలిస్తుంటే పిల్ల కెవ్వుమంది. కొక్కెంతో పాటు చర్మం కూడా బిగించేసింది బద్రా. వేళ్ళకు తెలియలేదు. తెల్లటి మెడ మీద చిన్న రక్తపు చుక్క.

"అయ్యో, నా తల్లీ," అంటూ తలగుడ్డ అంచుతో అద్దింది.

"పర్లేదు పిన్నీ," అని మజల్ అద్దంలో దండను తడుముకుంది. "ఎంత బావుందో! మీ ఆయనవి బంగారు చేతులని అమ్మ ఎప్పుడూ అంటుంది."

"ఇది నేను చేశాను," అంది బద్రా.

అంత మామూలుగా నోటి నుంచి వచ్చేసింది. మజల్ అద్దంలోంచి ఆమెనే చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, కాలిన బొటనవేలున్న ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని ముద్దు పెట్టుకుంది.

పెదవులు తగలడం బద్రా కళ్ళతో చూసింది. చేతికి ఏమీ తెలియలేదు. అప్పుడొచ్చింది ఏడుపు.

మర్నాడు పొద్దున సంచిలో బట్టలు సర్దుకుంటుంటే యహ్యా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎక్కడికి?"

"ఆసుపత్రికి. మంచం ఖాళీగా ఉందట, ఫోన్ చేశాను."

"ఇప్పుడా? ఒప్పుకున్న దండ సగంలో ఉంది. ఎవరు అతుకుతారు?"

"తెలీదు," అంది బద్రా.

నిజంగానే తెలియదు. తెలియకపోయినా ఫరవాలేదనిపించడం ఆమెకు అదే మొదటిసారి.